కోట వెనకవైపు కాపలా

గండికోట చూడాలన్న సరదా నాకెప్పుడూ లేదు. పులివెందులలో డిగ్రీ పిల్లలకు చరిత్ర చెప్పే రోజుల్లో, అమెరికా అంతర్యుద్ధం పాఠం నన్ను అక్కడికి తరిమింది. ఓడలు సముద్రం మీంచి తీరంలోని కోటను ఫిరంగులతో కొడుతుంటే, సైనికులు పడవల్లో పక్కగా ఒడ్డుకు దిగి వెనక నుంచి ముట్టడించారని చెప్పాను. "వెనకవైపు కాపలా ఎందుకు పెట్టుకోలేదు సార్?" అని పిల్లలు ఒకటే గొడవ. సముద్రం పక్కన కాకినాడలో పుట్టి పెరిగిన నాకే జవాబు తెలియదు. నీళ్ల పక్కనున్న కోటను చూస్తే ఏమైనా తడుతుందేమోనని, ఆదివారం ఉదయం ఆరింటికి మూడొందలకు జీపు మాట్లాడుకున్నాను.

ముద్దనూరు, జమ్మలమడుగు మీదుగా రెండు గంటల దారి. డ్రైవరు ఓబులేసు మాత్రం ఎర్రగుంట్ల వైపు తిప్పాడు.

"అదేంటయ్యా, ఇటు పోతున్నావు?"

"ప్రొద్దుటూరు సుట్టుకోని పోదాం సార్. నేరు దావలో ఒక ఊరుండాది. వాళ్లది అవతల పార్టీ. నేను దొరికితే నరుకుతారు."

ఎన్నికల రోజులు. అయినా బాడుగ పెంచడానికి ఇదో సాకనుకున్నాను. "జీపు మీది మీ పార్టీ జెండా పీకెయ్, సరిపోతుంది" అన్నాను విసుగ్గా.

"జెండా అయితే పీకుతా సార్. మొగం యాడ దాచుకోవల్ల?"

ప్రొద్దుటూరు హోటల్లో బయటి బల్ల ఖాళీగా ఉన్నా, లోపల గోడకు వీపు ఆనించే చోటు దొరికేదాకా అతను కూర్చోలేదు. దోసె తినడానికి ముప్పావు గంట. నాకు ఒళ్లు మండిపోయింది. కోట చేరేసరికి పది దాటింది, ఎండ మాడ్చేస్తోంది. పెన్న లోయ అంచున ఎంతసేపు నిలబడినా ఏమీ తట్టలేదు. ఆ చిరాకులో పాఠమంతా ఓబులేసు మీదే వెళ్లగక్కాను.

"దాంట్లో తెలీనిదేముంది సార్? చప్పుడు యాడుంటే అందరూ ఆడికే ఉరుకుతారు. మా ఇంటి ముందర బాంబులేసిరి. మా నాయన, నేను, అందరం ముందరికే ఉరికితిమి. ఎనక దొడ్డి తట్టు మా అన్న ఒక్కడే. ఆ పక్కనించి వచ్చి నరికిపోయిరి."

"ఎవరు?"

"పొద్దున మీరు పోదామంటిరే, ఆ ఊరోళ్లే."

తిరుగు ప్రయాణంలో ప్రొద్దుటూరు మీదుగానే పోనిమ్మని నేనే చెప్పాను.

సోమవారం క్లాసులో ఓబులేసు మాటే జవాబుగా చెప్పాను. అమెరికా గురించి అంతగా వాదించిన పిల్లలు ఒక్కరూ నోరెత్తలేదు. వాళ్లు ఆ పాఠం తమ ఊళ్లలో నాకంటే ముందే నేర్చుకున్నారని అప్పుడర్థమైంది.

గండికోటకు ఇప్పుడు జమ్మలమడుగు నుంచి ఆటోలున్నాయి. ఎనిమిదిలోపే చేరండి, నీళ్లు తీసుకెళ్లండి. డ్రైవరు చుట్టుదారి పడితే మాత్రం నాలా నోరు పారేసుకోకండి.