నేతి డబ్బా సొట్టపోయిన రోజు

చిట్టీ, నువ్వు పోయావన్న మాట నాకు తంతిలో వచ్చింది. చిట్టి జ్వరంతో పోయిందని, వెంటనే రమ్మని, అంతే. చదివిపెట్టిన తపాలా మనిషిని మళ్ళీ చదవమన్నాను. ఏ జ్వరం, ఎప్పుడు వచ్చిందీ అని అడిగాను. కాగితంలో ఇంకేమీ లేదమ్మా అన్నాడు. విరుదునగర్‌లో రైలెక్కి, నీ అత్తగారి ఊరు కోవిల్‌పట్టిలో దిగాక కూడా నేను ఏడవలేదు. దారంతా ఎవరు ఏం దాస్తున్నారో అని ఆలోచిస్తూ కూర్చున్నాను.

చదివే తల్లులారా, నాకు పెద్ద చదువు లేదు. అక్షరాలు కూడబలుక్కుని రాస్తున్నాను. నా కూతురు చిట్టి ఎట్లాంటిదో మీకు చెప్పాలని ఉంది.

నేను అనుమానం మనిషిని. పాలవాడి చెంబు వంచి చూస్తాను. పప్పు కొంటే బస్తాలో మోచేతిదాకా చెయ్యి పెడతాను. నా కూతురు అట్లా కాదు. ముందు నమ్మేది, తర్వాత చూసేది. ఏ గిన్నె దగ్గరికి పోయినా చేతిని తిరగేసి, వెనకవైపు ఆనించి వేడి చూసేది. "అమ్మా, నీకు సందేగం పుడితే సామి పెట్టిన ప్రసాదం కూడా వాసన చూస్తావు" అని నవ్వేది.

మనవరాలు పుట్టాక, బాలింత మా ఇంటి నుంచి అత్తగారింటికి వెళ్ళిపోయింది. కొన్నాళ్ళకు నేను నెయ్యి తీసుకుని చూడబోయాను. మునగాకు వేసి కాచిన నెయ్యి. పొయ్యి మీంచి దించగానే రేకు డబ్బాలో సగానికి పోసి, మూతకు టంకం వేయించాను. చల్లారనీమ్మా అన్నాడు టంకం వేసే అతను. అందాకా తెరిచి ఉంచడమా, వద్దన్నాను. టంకం వేసిన మూతను నా కూతురు కాక ఇంకెవరు విప్పినా తెలిసిపోతుంది. వేడి డబ్బాను పాత దుప్పట్లో చుట్టి ఒళ్ళో పెట్టుకుని పోయాను.

వియ్యపురాలు దాన్ని అందుకుని వంటింట్లో పెట్టింది. నేను పెరట్లో కాళ్ళు కడుక్కుంటున్నాను. లోపల డబ్బుమని పెద్ద చప్పుడు. పరుగెత్తాను. డబ్బా రెండు పక్కలా లోపలికి నొక్కుకుపోయి ఉంది. పక్కన ఆమె ఒక్కతే నిలబడి ఉంది.

"ఏం వదినా, నా మీద కోపం నేతి మీద చూపిస్తివా? కాలితో తన్నినావా?"

"నేనా? ఇట్లా పెట్టి అట్లా తిరిగినాను, అదే ముడుచుకొనె. నువ్వు దాంట్లో ఏం మందు పెట్టి తెచ్చినావో!"

"నెయ్యిని తన్నే ఇంట్లో నా బిడ్డను ఎట్లా చూస్తాండారో! చిట్టీ, బట్టలు మూట కట్టు. సాయంత్రం బండికి పోదాం."

"పోతే పోనీ. మళ్ళీ ఈ గడప ఎక్కనియ్యను" అంది ఆమె.

నా కూతురు బిడ్డను భుజాన వేసుకుని వచ్చింది. చెయ్యి తిరగేసి డబ్బాకు ఆనించింది.

"అమ్మా, కాగేటప్పుడే పోసి మూసినావా?"

"ఊఁ."

"అత్తా, చన్నీళ్ళ తొట్లో పెట్టినావా?"

"చీమలు పట్టకుండా పెట్టినాను. అదీ తప్పేనా?"

"సరి. ఇద్దరూ నోరు మూసుకోని రాండి."

మా అల్లుడు దూది మిల్లులో బాయిలరు చూసేవాడు. అక్కడి మిషను నూనె డబ్బా ఒకటి, తిరుగుడు మూతది, ఇంట్లో ఖాళీగా ఉంది. నా కూతురు దాన్ని కడిగి, గుక్కెడు నీళ్ళు పోసి పొయ్యి మీద పెట్టింది. ఆవిరి బుస్సుమని వచ్చాక గుడ్డతో పట్టి దించింది. "నువ్వే మూయమ్మా, లేకుంటే నన్నూ అనుమానిస్తావు" అంది. బిగించి మూశాను. "అత్తా, నువ్వు నీళ్ళు పొయ్యి." ఆమె చెంబెడు చన్నీళ్ళు పోసింది. ఎవరి చెయ్యీ తగల్లేదు. డబ్బా కడుపు డబ్బుమని లోపలికి పోయింది.

"మీ అల్లుడు చూపించినాడు" అంది నా కూతురు. "గాలి అన్ని పక్కలా ఒత్తుతానే ఉంటుంది. లోపల గాలి ఎదురొత్తేదాకా డబ్బా నిలుస్తుంది. ఆవిరి గాలినంతా బయటికి తోసేసింది. మూసి చల్లారిస్తే ఆ ఆవిరి నాలుగు చుక్కల నీళ్ళయిపోయె. లోపల ఒట్టిది. బయటి గాలి ఊరుకుంటుందా? నేతి డబ్బాలో గాలి కూడా అంతే. వేడికి ఉబ్బినప్పుడు మూసినావు, చల్లారి బలం తగ్గిపోయె."

వియ్యపురాలు నా వైపు తిరిగింది. "నెయ్యి చల్లారేదాకా కూడా మా మీద నమ్మకం లేకపోయెనే వదినా!"

"ఉంటే టంకం ఎందుకు వేయిస్తాను?" అన్నాను.

నా కూతురు పడిపడి నవ్వింది. బిడ్డ ఉలిక్కిపడి ఏడ్చింది. మూట కట్టనే లేదు.

నవ్వినంత మాత్రాన నా అనుమానం పోలేదు. డబ్బా సంగతి తేలింది గానీ, నా బిడ్డను ఆ ఇంట్లో ఎట్లా చూస్తున్నారో తేలలేదు కదా. అందుకే తంతి అందుకుని వెళ్ళిన రోజు, చిట్టికి ఆఖరి స్నానం నేనే చేయిస్తానన్నాను. ప్రేమ ఒక్కటే కాదు, చూడాలని. వీపు చూశాను. భుజాలు చూశాను. నీళ్ళు అందిస్తున్న వియ్యపురాలికి అర్థమైంది.

"బాగా చూసుకో వదినా. తిప్పి చూసుకో. నేనేమీ అనుకోను."

ఎక్కడా మచ్చ లేదు. చేతి వెండి మురుగులు తీయబోతే రాలేదు. మా ఇంట్లో బాలింతగా ఉన్నప్పుడు అవి మోచేతిదాకా జారేవి. ఇప్పుడు మణికట్టు దగ్గరే బిగుసుకుపోయాయి. వాపేమో అని వేలితో నొక్కి చూశాను. వాపు కాదు, కండ. అప్పుడు ఏడ్చాను.

వైద్యుడు ఇచ్చిన మందు మీద నాకు ఇప్పటికీ అనుమానమే. వాళ్ళ బావి నీళ్ళ మీదా అనుమానమే. ఆ ఇంటి అన్నం మీద లేదు.

పెద్దకర్మ నాడు వియ్యపురాలూ నేనూ ఎదురెదురుగా ఆకుల ముందు కూర్చున్నాం. ఇద్దరం చెయ్యి పెట్టలేదు. మనవరాలు పాకుతూ వచ్చి ఆమె ఆకులో చెయ్యి పెట్టి, మెతుకులు మూతికంతా పూసుకుంది. ఆమె తుడవలేదు. నేనూ తుడవలేదు.

చదివినవాళ్ళు లేచి, కడుపునిండా తినండి.