పద్మ కాన్పు, నేను తీసిన ఫోటోలు

కాన్పు దగ్గర తోడుండడం ఒక పని. ఫోటోలు తీయడం ఇంకో పని. ఈ రెండూ ఒకే మనిషి ఒకే పూటలో చేస్తే కొంప ఎలా మునుగుతుందో తెలుసుకోవాలంటే కాసేపు నా దగ్గర కూర్చోండి. నేను ముంచాను. పోనీ నా కొంపా అంటే కాదు, పక్కింటివాళ్లది!

తొంభైల మొదట్లో మాట. పటాన్‌చెరులో మేం కిరాయికున్న ఇంటి పక్క వాటాలో పద్మా, ఆమె భర్త సత్యం గారూ ఉండేవాళ్లు. భీమవరం వైపునుంచి ఫ్యాక్టరీ కొలువు కోసం వచ్చినవాళ్లు. సరిగ్గా పద్మకు నెలలు నిండే సమయానికి కంపెనీ ఆయన్ని గుజరాత్‌లో ఏదో సైటుకి పంపింది. పెట్టె చేతిలో పట్టుకుని, ఏడుపు మొహంతో మా గుమ్మం ముందు నిలబడ్డారు.

"వదిన గారూ, పద్మ పక్కన మీరుండాలి. బిడ్డది ఒక్క ఫోటో నాకు పోస్టు చెయ్యాలి."

అప్పటికి నాకు మా గల్లీలో మూడు కాన్పుల అనుభవం. అంటే నావి కావు, పక్కన కూర్చుని చెయ్యి పట్టుకున్నవి. స్వరూప పక్కనుంటే చాలు, ధైర్యం అదే వస్తదని పేరు. పైగా మా తమ్ముడికి బస్టాండు దగ్గర ఫోటో స్టూడియో. ఇక నా నోటికి అడ్డేముంది?

"ఒక్కటేంది, రీలు రీలంత తీస్త! ధైర్యం నేనే, ఫోటో నేనే!" అన్నాను. ఆ క్షణాన ఎవరైనా నా నోట్లో ఇంత గుడ్డ కుక్కి ఉంటే వాళ్లకు జన్మంతా రుణపడి ఉండేదాన్ని.

తమ్ముడు కెమెరా ఇస్తూ, "అక్కా, రంగుల రీలైతే సిటీకి పంపాలె. బ్లాక్ అండ్ వైట్ వేసిన. తెచ్చిస్తే ఇక్కడ్నే జల్దీ కడిగిస్త," అన్నాడు. ఆ 'జల్దీ' అన్న మాటే నన్ను పాడు చేసింది.

ఒక పొద్దున పద్మకు నొప్పులు మొదలయ్యాయి. ఆమె అత్తగారు, నేనెన్నడూ చూడని మనిషి, ఆ పూటే భీమవరం నుంచి రైల్లో దిగాలి, ఇంకా దిగలేదు. ఆటోలో నర్సింగ్ హోంకి తీసుకుపోయాను. కాన్పుల గదిలో రెండు మంచాలు, మధ్యలో ఆకుపచ్చ పరదా. పరదా అవతల ఇంకెవరో మూలుగుతున్నారు. నేను పట్టించుకోలేదు. నా పరేషాన్ నాది.

ఎందుకంటే పద్మ నా కుడిచెయ్యి పట్టుకుంది. కెమెరా నొక్కే బటనేమో కుడివైపే ఉంటుంది!

"పద్మా, జెర ఈ చెయ్యి ఇడ్సి ఆ చెయ్యి పట్టుకో."

"వదిలితే చంపేస్తా, అక్కా!"

"ఒక్క నిమిషమే. ఇటు సూడు. మొహం గట్ల వంకర పెట్టకు, ఫోటోల మంచిగ రాదు."

"నేనిక్కడ చచ్చిపోతుంటే నీకు ఫోటోనా? అమ్మా!"

ఎడమచేత్తో కెమెరాను తలకిందులుగా పట్టుకుని, బొటనవేలితో బటన్ కోసం వెతికాను. బటన్ దొరికింది. ఫ్లాష్ మాత్రం పద్మ మీద కాకుండా నేరుగా డాక్టరమ్మ కళ్లలో పడింది. ఆమె రెండు క్షణాలు కళ్లు మూసుకుని, చాలా మెల్లగా అంది:

"ఆ కెమెరాను బయట పెట్టు."

"సరే మేడం."

"నువ్వు కూడా దాంతోపాటే బయటుండు."

నర్సు నా చెయ్యి పద్మ పిడికిలిలోంచి ఒక్కో వేలూ విడదీసింది. "అక్కా, వదలనన్నావు కదే!" అన్న పద్మ కేక తలుపు మూసుకున్నాక కూడా వినబడింది. ధైర్యం చెప్పడానికి వచ్చిన మనిషిని నేను, వరండాలో బల్ల మీద కెమెరా కౌగిలించుకుని కూర్చున్నాను.

అరగంటకు లోపల పసిగొంతు వినిపించింది. నర్సు తువ్వాలులో చుట్టిన బిడ్డను తెచ్చి, తలుపు దగ్గరున్న ఒక పెద్దావిడ చేతుల్లో పెట్టింది. ఓహో, అత్తగారు దిగారన్నమాట! నేను ఎగిరి ముందుకు దూకాను.

"ఏం పుట్టిందమ్మా?"

"మొగపిలగాడు! తియ్యి బిడ్డా, మంచిగ తియ్యి!"

మీరు తెలివైనవాళ్లు, మీకు తెలిసిపోయింది. గోదావరి జిల్లా అత్తగారు 'తియ్యి బిడ్డా' అంటుందా? నాకు మాత్రం తట్టలేదు. నిలబెట్టి, కూర్చోబెట్టి, కిటికీ వెలుగులోకి తిప్పి, రీలు మొత్తం అవగొట్టాను. అక్కడితో ఆగానా? స్టూడియోకి పరుగెత్తి, దగ్గరుండి కడిగించి, అన్నిటికన్నా బాగా వచ్చిన ఫోటో వెనక "మీకు కొడుకు పుట్టాడు. తల్లీ బిడ్డా క్షేమం" అని ముత్యాల్లాంటి అక్షరాలతో రాసి, కవరులో పెట్టి పోస్టు చేసి, విజయగర్వంతో నర్సింగ్ హోంకి తిరిగొచ్చాను.

పద్మ పక్కన ట్రంకుపెట్టెతో సహా ఎవరో కొత్తావిడ కూర్చుని ఉంది.

"మీరేనా స్వరూప గారు? పురిటిమనిషిని వదిలేసి ఎక్కడికెళ్లారండీ?" అందావిడ. ఆవిడే భీమవరం అత్తగారు.

నేను ఫోటోలు పద్మకిచ్చాను. పద్మ ఒకటి చూసింది, రెండోది చూసింది.

"ఎవరక్కా ఈవిడ?"

"మీ అత్తమ్మ... కాదా?"

"ఈ బిడ్డెవరు?"

"నీ కొడుకు."

"నాకు పుట్టింది కూతురు!"

పక్క మంచం మీద, పొద్దున పరదా అవతల మూలిగిన రుద్రారం ఊరి అమ్మాయి, ఆమె పక్కన నా ఫోటోల్లోని పెద్దావిడ. ఆమె ఒళ్లో, నేను రీలంతా ధారపోసిన పిలగాడు హాయిగా నిద్రపోతున్నాడు.

పోస్టాఫీసుకి ఉరికాను. "డబ్బల ఏసినంక తీసుడుండదమ్మా. గా సంచి పోయింది కూడ," అన్నాడు అక్కడి మనిషి. పద్మ ముందే చెప్పి పంపింది: "'కూతురు పుట్టింది, ఫోటో తప్పు' అని టెలిగ్రాం ఇచ్చి రా." ఇచ్చాను. కానీ 'ఫోటో తప్పు' అని నా చేత్తో నేను రాయలేకపోయాను. పరువు అడ్డొచ్చింది. కూతురని తెలిస్తే ఫోటో తప్పని ఆయనే అర్థం చేసుకుంటాడులే అనుకుని, "కూతురు పుట్టింది, క్షేమం" అని మాత్రమే కొట్టించాను.

పది రోజులకు సత్యం గారు సెలవు మీద దిగారు. చేతిలో రెండు సంచులు. ఒకదాంట్లో గౌన్లు, ఒకదాంట్లో చొక్కాలు. ఉయ్యాల్లో కూతుర్ని చూసి మురిసిపోయారు. తర్వాత మంచం కిందికి వంగి చూశారు. వంటింట్లోకి తొంగి చూశారు.

"రెండోవాడేడీ?"

"ఎవరండీ?" అంది పద్మ.

"మన అబ్బాయి! ముందు టెలిగ్రాంలో అమ్మాయి, వెనకాలే ఫోటోలో అబ్బాయి. కవలలని సైటంతా రెండుసార్లు స్వీట్లు పంచాను. ముక్కు అచ్చం మా నాన్నదేనని అందరూ అన్నారు!" అంటూ జేబులోంచి ఆ ఫోటో తీశారు.

అత్తగారు నావైపు చూసింది. పద్మ నావైపు చూసింది. నేను గోడ మీద క్యాలెండరు వైపు చూశాను.

ఆ రోజు ఆ క్యాలెండరు సాక్షిగా మనసులో ఒట్టు పెట్టుకున్నాను. ఈ బొందిలో ప్రాణం ఉండగా కాన్పు గదికి కెమెరా పట్టుకుపోను. పసిబిడ్డను ఫోటో తీయాల్సి వస్తే, ముందు ఆ నాయనమ్మది ఏ ఊరో కనుక్కుంటాను. అన్నిటికన్నా ముఖ్యంగా, టెలిగ్రాంలో పరువు కోసం రెండు మాటలు మిగిల్చి ఏ తండ్రి చేతికీ లేని కొడుకుని అందించను.