ఎడమ చేతి మీద నూనె: టాంపినీస్ నుంచి క్లెమెంటీకి

ఈ ప్రయాణం మొహమాటంతోనే మొదలైంది. నేనుండే టాంపినీస్‌లో ఉగాది భోజనాల దగ్గర శైలజ అనే వరంగల్ అమ్మాయి, పరిశోధక విద్యార్థిని, "అన్నా, నా టెస్టుకు ఇంకొక్క మనిషి కావాలె, వస్తరా?" అని అడిగింది. కాదనలేకపోయాను. వాపు తగ్గించే మందు చర్మంలోకి దిగడానికి నీలగిరి తైలం సాయపడుతుందా అన్నది ఆమె పరీక్ష. ఎడమ చేతికి ఉత్త మందు, కుడి చేతికి తైలం కలిపిన మందు. ఎంత లోపలికి దిగితే చర్మం అంత తెల్లబడుతుందట. మూడు రోజుల ముందు నుంచి చేతులకేమీ రాయకూడదన్నది ఒక్కటే షరతు.

శనివారం పొద్దున ఏడింటికి రైలెక్కాను. రోజూ దిగే రాఫెల్స్ ప్లేస్ దాటిపోతుంటే ఆఫీసు ఎగ్గొట్టినట్టే అనిపించింది. మధ్యలో రైలు మారే పని లేదు. ముప్పావు గంటకు కాస్త అటూ ఇటూగా క్లెమెంటీ. టికెట్ రెండు డాలర్ల లోపే. అక్కడి నుంచి విశ్వవిద్యాలయానికి బస్సు ఉంది. ముందు, తిండి దుకాణాలన్నీ ఒక్కచోట ఉండే హాకర్ సెంటర్‌లో ప్రాటా, అంటే మన పరోటాయే, తిన్నాను. ప్రాటా కాల్చే ఆంటీ తెలుగావిడే. తాతల నాడు విశాఖ నుంచి సెంబవాంగ్ నౌకా స్థావరంలో పనికి వచ్చిన కుటుంబం. నేను ఎడమ ముంజేయి గోక్కోవడం చూసింది.

"ఏం తంబీ, దోమా?"

"ఏం లేదాంటీ."

"ఏం లేదంటానే గోకేస్తున్నావు. ఇటియ్యి చెయ్యి." జేబులోంచి నీలగిరి తైలం సీసా తీసి ముంజేయంతా రుద్దేసింది. "మాకిదే డాక్టర్, లా!" అంది, ఇక్కడివాళ్లు మాట చివర తగిలించే 'లా'తో.

వద్దన్న మాట నోటి దాకా వచ్చి ఆగిపోయింది. తర్వాత సబ్బుతో ఎంత కడిగినా వాసన పోలేదు. ల్యాబ్ తలుపు తెరిస్తే లోపలా అదే నీలగిరి వాసన. నా వాసన అందులో కలిసిపోయింది. చెప్పవలసింది అప్పుడే. నేను మాత్రం చేతులు చాపి కూర్చున్నాను. శైలజ రెండు చేతుల మీదా గుండ్రంగా గీతలు గీసి మందు రాసి, సాయంత్రం రమ్మంది.

సాయంత్రం దీపం కింద చేతులు పక్కపక్కన పెట్టి చాలాసేపు చూసింది.

"రెండూ ఒక్కతీరే తెల్లబడ్డయ్. అంటే నా నూనె ఏం పని చేస్తలేనట్టే కదన్నా?"

ఆ గొంతు విన్నాక ఆగలేకపోయాను. "ఎడమ చేతికి కూడా తైలం రాశారమ్మా. పొద్దున, హాకర్ సెంటర్‌లో ఆంటీ."

"వద్దనొచ్చు కదా?"

"అనలేకపోయాను."

"సరే, నాకన్నా చెప్పొచ్చు కదా! ఇంకో రోజు పెట్టుకుంటుంటిమి. సోమవారం మా సార్‌కు చూపియ్యాలె." పుస్తకంలో నా ఫలితాల వరుస మొత్తం కొట్టేసింది. పుస్తకం మూసి తనే అంది: "పొద్దటి సంది ఈడిదాకా రెండుసార్లు తిరిగిన్రు. క్యాంటీన్‌ల తినిపోదురు రండి." అదీ కాదనలేక తిన్నాను.

తిరుగుదారిలో హాకర్ సెంటర్ దగ్గర ఆంటీ నన్ను గుర్తుపట్టింది. చేతి మీద తెల్లటి గుండ్రం చూసి, "చూశావా! వాపు ఎలా లాగేసిందో, నా నూనె!" అని పక్క దుకాణం వాళ్లక్కూడా చూపించింది. నేనూ వాళ్లకు కనపడేలా చెయ్యి చాపాను.

ఎవరి మంచితనాన్నీ కాదనకపోవడం మర్యాద అనుకుంటూ వచ్చాను. రోజూ రాత్రి నా ఖర్చులు రాసుకుంటాను. ఆ రోజు రైలు, బస్సు, ప్రాటా అన్నీ రాశాను. నా మర్యాదకైన ఖర్చు మాత్రం శైలజ భరించింది. మీరు ఇలాంటి పరీక్షకు వెళ్తుంటే ఎండ ఎంతున్నా ఫుల్ హ్యాండ్స్ చొక్కా వేసుకోండి, గుండీలు మణికట్టు దాకా పెట్టుకోండి. వద్దనడం వచ్చినవాళ్లకు ఈ సలహాతో పని లేదు.