ఆఫీసు దాటని మెయిళ్లు

ఇంటర్నెట్ కోసం టెలిఫోన్ లైన్ మీద ఆధారపడ్డ రోజులవి. అబిడ్స్‌లో సర్టిఫికెట్లు తర్జుమా చేసిచ్చే చిన్న ఆఫీసులో కంప్యూటర్ల పని నాది. నలుగురికీ ఒకటే లైన్. అందుకని ఒక పాత కంప్యూటర్‌ను మెయిల్ సర్వర్‌గా మార్చాను. అందరూ రాసినవి అందులో పోగవుతాయి. రోజుకు రెండుసార్లు లైన్ కలిపితే ఎవరి మెయిల్ వాళ్ల ఐడీ నుంచి బయటికి పోవాలి. ఏది ఎటునుంచి పోవాలో పట్టిక నేనే రాశాను. నాకంటే తెలిసినవాడు లేడన్న పొగరు కూడా ఉండేది.

టైపింగ్ చేసే అక్కది నాంపల్లి. భర్త పోయాక ఒక్కగానొక్క కూతుర్ని తనే పెంచింది. ఆ అమ్మాయి బెంగుళూరులో నర్సు. నచ్చినవాణ్ణి చేసుకుంటానంటే, అక్క కోపంలో పెళ్లికి రానని తెగేసి చెప్పింది. తర్వాత మనసు ఊరుకోలేదు. హాస్టల్‌కు ఫోన్ చేస్తే పిల్ల పలకడం లేదు. "నాదే తప్పు బిడ్డా. తారీఖు చెప్పు, వస్త" అని ఇంగ్లిషు అక్షరాల్లో తెలుగు కొట్టి మెయిల్ పెట్టింది. వారం వారం పెట్టింది. సుల్తాన్ బజార్‌లో పెళ్లికని చీర కూడా కొన్నది. రోజూ మధ్యాహ్నం నా టేబుల్ దగ్గరికొచ్చి జవాబు వచ్చిందా అని అడిగేది. ఒకరోజు విసుగొచ్చి, మీ అమ్మాయిది మొండితనమక్కా, వదిలేయండి అన్నాను. తలుచుకుంటే ఇప్పటికీ చెంపలు వాయించుకోవాలనిపిస్తుంది.

రెండు నెలలకు సర్వర్‌లో చోటు నిండిపోయింది. ఏం పేరుకుందా అని వెతికితే, బయటికి పోలేక తిరిగొచ్చిన మెయిళ్లు చేరే పెట్టె కనబడింది. ఆ ఏర్పాటు చేసింది నేనే, తెరిచి చూసింది ఏనాడూ లేదు. అందులో అక్క రాసినవన్నీ ఉన్నాయి. పట్టికలో ఆమె పేరు రాయడమే మరిచాను. పట్టికలో పేరు లేనివన్నీ మా యజమాని ఐడీ నుంచి పోబోతే, రాసినవాళ్ల పేరుకూ ఐడీకీ పొంతన లేదని ఇంటర్నెట్ కంపెనీ వాళ్లు తిప్పి పంపారు. మొదట్లో పరీక్షించకపోలేదు. ఆమె పేరుతో నాకే ఒకటి పంపుకున్నాను. పక్క టేబుల్‌కు వచ్చే మెయిల్ ఆఫీసు దాటనక్కర్లేదని నా బుర్రకు తట్టలేదు.

ఆమెకు ఉన్నదున్నట్టు చెప్పి, పట్టిక సరిచేసి, అన్నీ పంపాను. సాయంత్రం లైన్ కలిపితే జవాబు వచ్చింది.

"పోయిన నెల పెళ్లయిందమ్మా. చర్చిలో మొదటి బెంచీ నీకోసం ఖాళీగ ఉంచిన. ప్రార్థన అయ్యేదాక తలుపు దిక్కే చూసిన."

అక్క రెండుసార్లు చదివింది. కొంగుతో కళ్లు తుడుచుకుని జవాబు టైపు చేసి, నా వైపు తిరిగింది.

"గిదన్న పోతది కదా తమ్మీ?"

లైన్ కలిపి, అది పోయేదాకా ఇద్దరం స్క్రీన్ చూస్తూ నిలబడ్డాం.