నేనిచ్చిన ఫోటో

నాయిన పోయిన పదకొండో రోజు శామీర్‌పేట చెరువు దగ్గర మా ఇంటి మగవాళ్లం పదిమందిమి గుండు చేయించుకున్నాం, మీసాలతో సహా. దినాలకు వచ్చిన చుట్టాల్లో ఎవరో అందరినీ నిలబెట్టి ఫోటో తీశారు. దాన్ని పోలీసులకిచ్చిన తెలివితక్కువవాణ్ణి నేనే.

గుండు చేయించుకున్న మర్నాడు మేడ్చల్‌లో ఒకామె మెడలో గొలుసు తెంపుకుపోయారు. షాపు కెమెరాలో దొంగ గుండుతో కనబడ్డాడట. ఆ వీధిలో రోజూ చేపలమ్మే మా తమ్ముణ్ణి స్టేషన్‌కు పిలిచారు. నాకు ఒళ్లు మండింది. గుండు ఉంటే దొంగేనా, మా ఇంట్లో పది గుండ్లున్నాయి చూడండని ఫోటో ముందు పెట్టాను. ఎస్సై తనకు పంపమన్నాడు. పంపాను. ఏదో ఘనకార్యం చేసినట్టు బయటికొచ్చి చాయ్ కూడా తాగాను.

వాళ్లు దాన్ని ముఖాలు పోల్చే కంప్యూటర్‌కు ఎక్కించారు. పదిమందిలో అది తమ్ముణ్ణి పట్టుకుంది. గొలుసు పోయిన పూట వాడు చెరువు మీద ఒంటరిగా వల వేస్తున్నాడు. చూసినవాళ్లు లేరు. వాణ్ణి అరెస్టు చేసి జైలుకు పంపారు.

కోర్టులో మా వకీలమ్మ గట్టిగానే కొట్లాడింది. సాక్షిని నిలదీసి అడగడం ముద్దాయికి చట్టమిచ్చిన హక్కు, మరి ఈ కంప్యూటర్‌ను ఎవరు నిలదీయాలని అడిగింది. అది ఎట్లా గుర్తుపడుతుందో కంపెనీవాళ్లు తమకూ చెప్పరన్నాడు రిపోర్టు తెచ్చిన ఆఫీసర్. ఇదెక్కడి న్యాయమో! కొడుకు వల తీసుకుని చెరువుకే పోయాడని మా అమ్మ చెబితే మాత్రం, ఇంటోళ్ల మాట అని కొట్టిపారేశారు. అప్పటికే రెండుసార్లు బెయిల్ రాలేదు.

నేరం ఒప్పుకుంటే లోపలున్న రోజులే శిక్ష కింద పోవచ్చని కోర్టు బయట ఒకాయన చెప్పాడు. నాకు ఇంకే దారీ కనబడలేదు. జైలుకు ములాఖత్‌కు పోయి తమ్ముడికి అదే చెప్పాను.

"ఒప్పుకో రా. ఇంటికి రావచ్చు."

వాడు నా మొఖంలోకి చూశాడు. "అన్నా, నువ్వు గూడ నేనే జేసిన అనుకుంటున్నవా?"

లేదన్నాను. కానీ రిపోర్టులో దొంగ ముఖాన్నీ వాడి ముఖాన్నీ పక్కపక్కన చూసి ఉన్నాను కదా, చెప్పడానికి కొంచెం ఆలస్యమైంది. వాడికి అర్థమైంది. లేచి లోపలికి పోయాడు.

తర్వాత మూడుసార్లు పోయాను. అన్న వస్తే తనను పిలవొద్దని చెప్పాడట.