కుర్చీలో బ్యాండు మేళం

మొన్న బొంగులూరు దగ్గర ఒక ఫంక్షన్ హాల్లో పెళ్లికి వెళ్లాను. బరాత్ ఊరేగింపు ముందు డీజే బండి నిలబడింది. దాని దెబ్బకు నా చేతిలో టీ గ్లాసు తనంతట తానే వణికింది. అది వయసు వల్ల కాదని పక్కనున్న మా ఆవిడకు వివరించుకోవలసి వచ్చింది. బండి వెనకాల ఎర్రకోట్లు తొడుక్కున్న బ్యాండు వాళ్లు కొందరు, వాయిస్తున్నారో లేదో ఎవరికీ తెలియకుండా నడుచుకుంటూ పోతున్నారు. వినేవాళ్లు లేకపోయినా అడుగు మాత్రం తప్పడం లేదు. వాళ్లను చూడగానే మా మేనమామ గుర్తొచ్చాడు.

మామ ఇబ్రహీంపట్నంలో క్లారినెట్ వాయిస్తాడు. ఇటు కందుకూరు దాకా ఆయన వాయించని పెళ్లి లేదంటారు. అంటే, ఎక్కువగా ఆయనే అంటాడు. బోనాలకు ఆయనే, గణపతి నిమజ్జనానికి ఆయనే, క్రిస్మస్ ఊరేగింపుకూ ఆయనే. దేవుళ్లు మారతారు, కోటు అదే. నేను అక్కడి హైస్కూల్లో సోషల్ చెప్తాను. సంగీతం సారు పోస్టు ఖాళీగా ఉండడం వల్లా, ఒకసారి విహారయాత్ర బస్సులో నేను పాడితే ఎవరూ ఆపమనకపోవడం వల్లా పాటల క్లాసు కూడా నా నెత్తినే పడింది. ఒక ఏడు వార్షికోత్సవానికి పిల్లల చేత అసలైన కళాకారులతో కలిపి ఒక పాట చేయించాలని మా హెడ్మాస్టరు మేడంకు తోచింది. నాకు తెలిసిన అసలైన కళాకారుడు మామ ఒక్కడే.

అడగడానికి వెళితే, పాట ఏదని ఆయన అడగలేదు. "కుర్చీ ఏస్తరా అల్లుడా?" అన్నాడు.

"ఏస్తరు మామా. స్టేజీ మీదనే."

"ముందట జనానికి?"

"వాళ్లకు గూడ."

మామ క్లారినెట్‌ను గుడ్డతో తుడవడం మొదలుపెట్టాడు. "పెండ్లిల అందరు కూసుంటరు. పిల్ల కూసుంటది, పిలగాడు కూసుంటడు, చుట్టాలు కూసుంటరు. గుర్రం గూడ నడుమ నడుమ నిలబడ్తది. మేమే నడుస్తం. ఒక్కసారన్న నేను కూసొని వాయించాలె, జనం కూసొని ఇనాలె. గంతే" అన్నాడు. అంతకంటే పెద్ద కోరిక ఆయన నోట నేనెప్పుడూ వినలేదు. లోపల బియ్యం ఏరుతున్న అత్తయ్య మాత్రం, "ఇంట్ల కూసునుడు సాలుతలేదా?" అంది.

సాయంత్రం బడి విడిచాక తొమ్మిదో తరగతి గదిలో రిహార్సల్స్ మొదలయ్యాయి. మామతో పాటు బూర ఊదే ఆయనా, పెద్ద డ్రమ్ము కొట్టే ఆయనా వచ్చారు. మా వైపు నుంచి పాడే ఆడపిల్లలు, పిల్లనగ్రోవులు పట్టుకున్న మగపిల్లలు, ఆదివారాలు చర్చిలో కీబోర్డు వాయించే ఒక తొమ్మిదో తరగతి అమ్మాయి. నాట్లప్పుడు పాడే పాట ఒకటి ఎంచుకున్నాం. పిల్లలు ఎత్తుకున్నారు, మామ దర్జాగా కుర్చీలో కూర్చుని అందుకున్నాడు. మొదటి చరణం బాగానే ఉంది. రెండో చరణంలో డ్రమ్ము కోసం క్లారినెట్ ఆగింది, క్లారినెట్ కోసం డ్రమ్ము ఆగింది. మూడో చరణానికి పాట పొద్దుటిపూట సాగర్ రోడ్డులా తయారైంది. అందరూ ఉన్నారు, ఎవరూ కదలడం లేదు. మామకు చిరాకేసి, లేచి బెంచీల చుట్టూ తిరుగుతూ వాయించాడు. పాట గీత గీసినట్టు వచ్చింది. మళ్లీ కూర్చున్నాడు. మళ్లీ పోయింది.

కీబోర్డు అమ్మాయి మర్యాదగానే చెప్పింది. "తాతా, నువ్వు నడిస్తే పాట నడుస్తది. నువ్వు కూసుంటే పాట గూడ కూసుంటది."

మేడం వచ్చి చూసి, అయితే స్టేజీ ఎందుకు, గ్రౌండు చుట్టూ ఊరేగింపులా నడుస్తూ వాయిస్తే సరిపోతుందన్నారు. ఆమె చెప్పినదాంట్లో తప్పేమీ లేదు. మామ క్లారినెట్‌ను గుడ్డలో చుట్టి, "సరే మేడం. నడుస్తం. మాకు అలవాటే గద" అన్నాడు. అంత నెమ్మదిగా ఆయన మాట్లాడగలడని నాకప్పుడే తెలిసింది.

మర్నాడు పిల్లలను నడిపించి చూశాం. పిల్లనగ్రోవి ఊదేవాళ్లు కాగితంలో పాట చూసుకుంటూ ఒకరి వీపు ఒకరు గుద్దుకున్నారు. కీబోర్డును ఇద్దరు మోస్తుంటే అమ్మాయి పక్కన ఎండ్రకాయలా నడిచింది. కాసేపటికి ఆ అమ్మాయే ఆగిపోయింది. "సారూ, తాతకు గావాల్సింది నడక గాదు, అడుగుల చప్పుడు. ఆ చప్పుడు మేం ఇస్తం, కూసొనే" అంది. గదిలోకి వెళ్లి పిల్లలంతా బెంచీల మీద కూర్చుని, బూట్లతో బెంచీల కింది అడ్డచెక్క మీద కుడి ఎడమలు కొట్టడం మొదలుపెట్టారు. మామ అనుమానంగా కుర్చీలో కూర్చుని కళ్లు మూసుకున్నాడు. పాట చివరిదాకా వెళ్లి, క్షేమంగా తిరిగొచ్చింది. "ఓరి మీ అసొంటి బరాత్ నేను సూడలే" అన్నాడు మామ.

వార్షికోత్సవం నాడు చెక్కల స్టేజీ కట్టించాం. మండలం నుంచి వచ్చే ముఖ్య అతిథి గౌరవార్థం టెంట్‌హౌస్ అతను దానిమీద మందపాటి తివాచీ పరిచాడు. ఆ తివాచీ అడుగుల్ని మింగేస్తుందని మాలో ఒక్కరికీ తట్టలేదు, డిగ్రీలున్న వాళ్లతో సహా. మామ కోటు గుండీలన్నీ పెట్టుకుని కూర్చున్నాడు. ఎదురుగా ఊరు కూర్చుంది. పిల్లలు ఎంత కొట్టినా చప్పుడు లేదు. రెండో చరణంలో క్లారినెట్ డ్రమ్ము కోసం చూసింది. మామ కుర్చీలోంచి కొంచెం పైకి లేచాడు.

"లేవకు తాతా" అంది కీబోర్డు అమ్మాయి, మైకులోనే. పాట అక్కడే వదిలేసి, కిందికి వంగి తివాచీ చివర పట్టుకుంది. మిగతా పిల్లలు కుర్చీలు ఎత్తారు, మామ కూర్చున్న కుర్చీతో సహా. టెంట్‌హౌస్ అతను "ఏ పిల్లా, తివాచీ, తివాచీ" అంటూ వచ్చేలోపు అది సగం దాకా చుట్టుకుపోయింది. రెండో సగం మీద ముఖ్య అతిథి కూర్చుని ఉన్నాడు. ఆయన పెద్దమనిషి, తన కుర్చీ తానే ఎత్తుకుని పక్కకు జరిగాడు. తీరా చూస్తే దాన్ని దింపడానికి చోటు లేదు. చెక్కల మీద అడుగులు మోగాయి. పాట మళ్లీ మొదటి నుంచి మొదలైంది. అది అయ్యేదాకా మా మామ కూర్చున్నాడు, ముఖ్య అతిథి కుర్చీ పట్టుకుని నిలబడ్డాడు. జనంలో ఒక్కరూ లేవలేదు, ఒక్కరూ ఎగరలేదు. విన్నారు.

చప్పట్లు పడితే ఏం చేయాలో మామకు తెలియలేదు. పెళ్లిళ్లలో పాట అయిపోతే జనం ఇంకో పాట అడుగుతారు, అంతే. తరవాతి డాన్సు పిల్లలు మెట్ల మీద తొందరపడుతున్నారని నేను వెళ్లి చెవిలో చెప్పాను.

"జర కూసోనీ అల్లుడా" అన్నాడు.

డాన్సు పిల్లలు ఆగారు. ఆ పాట టీ చల్లారేంత సేపు కూడా ఉండదు. అయినా కొన్ని సాయంత్రాలు అయిపోయాక కూడా మనిషిని లేవనివ్వవు.