ఒంటి సన్నాయి ఎదురుకోళ్లు

నా చిన్నప్పుడు మా ఇంట్లో పెళ్లంటే ముందు మర్యాదలు, తర్వాత తగాదా, వీలు చూసుకుని మధ్యలో తాళి. మా మేనత్త పెళ్లికి మాత్రం తగాదాయే ముందు వచ్చేసింది.

మగపెళ్లివారు బీదర్ వైపు నుంచి లారీలో వచ్చి జహీరాబాద్ మొదట్లో ఆగారు. ఎదురుకోళ్లంటే అక్కడే సన్నాయి ఊదించి, పానకం ఇచ్చి, వాళ్లను ఊళ్లోకి తీసుకుపోవాలి. సన్నాయి మోగనిదే కాలు కదపరు. మా ఊళ్లో సన్నాయి ఊదే మామ ఎప్పుడూ వాళ్లన్నతో కలిసే వచ్చేవాడు. ఈయన పాట ఊదుతుంటే, అన్న పక్కన నిలబడి పొడుగు గొట్టంలో ఒక్కటే స్వరం తెగకుండా పట్టేవాడు. దాన్ని సుతి అంటారు. నేనైతే అంత సుఖమైన ఉద్యోగం ఇంకోటి లేదనుకునేవాణ్ణి. ఆ వానాకాలం జ్వరమొచ్చి అన్న పోయాడు. మామ ఒక్కడే వచ్చాడు.

పెళ్లికొడుకు తండ్రి మండిపడ్డాడు. "సుతి లేని సన్నాయేంది? పెండ్లికి పిలిచిన్రా, సావుకు పిలిచిన్రా? తిప్పురా బండి!"

"జర ఆగుండ్రి బావా," అని మా తాతయ్య చెంబుతో అడ్డం నిలబడ్డాడు. ఆ హడావుడిలో సగం పానకం ఆయన ధోవతే తాగింది. నవ్వబోయి ఆగిపోయాను. మేనత్తకు అంతకుముందొక సంబంధం ఇట్లాగే వెనక్కి పోయింది. ఇదీ పోతే ఇంకెవరూ రారని ఇంట్లో అందరికీ తెలుసు. డ్రైవరు ఇంజను స్టార్టు చేశాడు.

మామ ముందుకొచ్చాడు. సంచిలోంచి అన్న గొట్టం తీసి ఊదాడు. పాట లేదు, ఒక్కటే స్వరం. కళ్ల నీళ్లు కారుతున్నా స్వరం వణకలేదు. అరిచేవాళ్లు, పాట ఎప్పుడొస్తుందా అని ఒక్కొక్కరే ఆగారు. సరిగ్గా వినబడటం లేదనేమో, డ్రైవరూ ఇంజను ఆపాడు.

అప్పుడు మామ ఆ గొట్టాన్ని పక్కన పెట్టి సన్నాయి అందుకున్నాడు. నిద్రపోయే బిడ్డను నిమిరినట్టు, మెల్లగా, అంతవరకు ఎవరూ వినని పాట. కానీ కింద సుతి లేదు. ఆ వెలితి అందరికీ తెలుస్తోంది. పెళ్లికొడుకు తండ్రి ఏకాదశి భజనల్లో పెరిగిన మనిషి. ఎంతసేపని ఓర్చుకుంటాడు? కళ్లు మూసుకుని "ఆ..." అని సుతి పట్టేశాడు.

నేనుండబట్టలేక ఆయన దగ్గరికి పోయి, "తాతా, బండి తిప్పుడు లేదా?" అన్నాను.

ఆయన ఒక కన్ను తెరిచి, "సప్పుడు జెయ్యకురా పోరడా, సుతి తప్పుతది," అన్నాడు.

పెళ్లి జరిగింది. అన్నాలప్పుడు మామను అడిగాను, అదేం పాటని.

"దవాఖానల అన్న పక్కపొంటి కూసున్నప్పుడు మనసుల తిరిగింది బిడ్డా. ఏడ్సుడు రాలే. గిదొచ్చింది."

నాకు సంగీతం రాలేదు. ఆ ఒక్క స్వరం మాత్రం వచ్చింది, అది కూడా అటూ ఇటుగా. కష్టం మీద పడ్డ రోజు, గొంతు పెంచేముందు, కళ్లు మూసుకుని దాన్నే పట్టుకుంటాను. "మోటరు బంద్ జేసుడు మర్సిపోయిన్రా ఏంది?" అంటుంది మా ఆవిడ. కాసేపటికి తనూ వచ్చి పక్కన కూర్చుంటుంది.